పన్నెండు దాటకముందు అన్నం

రెండు వేల ఇరవై అయిదు జూన్ పదిహేడు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. ఆకాశమంతా మబ్బు, చినుకు లేదు, గాలి పడమటి నుంచి. బాల్కనీ గోడకు నేను తగిలించుకున్న ఉష్ణమాపకంలో ముప్పై ఒక్క డిగ్రీలు. గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ పక్క స్థలంలో కొత్త టవర్‌కు సెల్లార్ తవ్వుతున్నారు. పదకొండుకూ పన్నెండుకూ మధ్య బండ పేలుస్తామనీ, కిటికీలు మూసుకోవాలనీ అంతకు ముందురోజే అందరి ఫోన్లకూ సందేశం వచ్చింది. సైరన్ మూడుసార్లు మోగింది. నాకు తెలియకుండానే చెప్పులు విడిచి, ఉత్త పాదాలతో నేలమీద నిలబడ్డాను. తరువాత ఒక్క ఉరుము లాంటి చప్పుడు వచ్చింది. ఎన్ని తూటాలో తెలియలేదు. ఇప్పటి పేలుళ్ళు క్షణంలో వందో వంతు తేడాతో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, వాటిని లెక్కపెట్టడం మనిషికి సాధ్యం కాదు. లెక్కపెట్టవలసిన అవసరమూ లేదు, ఆ పని యంత్రం చూసుకుంటుంది. అయినా నేను తొమ్మిదో అంతస్తులో, చలువరాతి మీద, పాదాలు ఆనించి ఇంకొకటి కోసం ఎదురుచూస్తూ చాలాసేపు నిలబడే ఉన్నాను.

నాకు అరవై ఆరేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు గణాంకాల కార్యాలయంలో ఇతరులు వేసిన పట్టికలను సరిచూసి పదవీ విరమణ చేశాను. తేదీ, అంకె లేని మాటను నేను నమ్మనని నాతో పనిచేసినవారందరికీ తెలుసు. అదే మనిషి ప్రతి సాయంత్రం ఆరున్నరకు బుద్ధుని పటం ముందు కూర్చుని పంచశీల చదువుతుందంటే వారికి వింతగా ఉండేది. మా పక్క ఫ్లాట్‌లో కర్నూలు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఒకతె ఉంది. క్లబ్‌హౌస్‌లో శనివారాలు జరిగే ధ్యానం తరగతికి నన్ను పిలుస్తూ ఉంటుంది. "రండి ఆంటీ, చాలా ప్రశాంతంగా ఉంటుంది. జరిగిపోయినవన్నీ వదిలేయమంటారు" అంది ఒకసారి. "వదిలేస్తే అవి ఎక్కడికి పోతాయమ్మా?" అని అడిగాను. పాపం, ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. మా ఇంట్లో ధర్మం ప్రశాంతత కోసం రాలేదు. వదిలేయడానికి కూడా రాలేదు.

నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం రాయడానికి కారణం ముందే చెబుతాను. బోరబండలో నర్సమ్మ అనే మనిషి ఉంది. వయసు డెబ్బై రెండు. తన భర్తను మా నాయన అజాగ్రత్త చంపిందని ఆమె నమ్ముతూ వచ్చింది. అది నిజం కాదని తెలిసినవాళ్ళలో బతికి ఉన్నది నేను ఒక్కతెనే. ఆ మాట ఆమెకు చెప్పకుండా నలభై తొమ్మిదేళ్ళ పది నెలల ఇరవై అయిదు రోజులు గడిపాను. సైరన్ ఆగిన తరువాత ఉత్త పాదాలతో నిలబడి ఉన్నప్పుడు, మా ఇద్దరిలో ఎవరు ముందు పోయినా ఆ అబద్ధమే మా నాయన పేరు మీద మిగిలిపోతుందని తట్టింది. ఆ మధ్యాహ్నం రెండుంబావుకు బోరబండకు బయలుదేరాను.

ఇప్పుడు అద్దాల మేడలు లేచిన ఈ నేల నా చిన్నప్పుడు గుట్టలు, తుప్పలు, బండ క్వారీలు. గోపన్‌పల్లికి పడమట ఒక క్వారీ అంచున పదకొండు గుడిసెలు ఉండేవి, నాలుగోది మాది. మా నాయన బాలయ్య అక్కడ బండ బెజ్జాల్లో మందు తూటాలు పెట్టి పేల్చే మనిషి. లింగంపల్లి రైలు స్టేషన్‌లో గ్యాంగ్‌మన్‌గా ఉన్న పెద్దమనిషి ఒకాయన నాగపూర్ వెళ్ళి బౌద్ధ దీక్ష తీసుకుని వచ్చి, పని అయ్యాక మా గుడిసెల మధ్య లాంతరు పెట్టి ధర్మం చెప్పేవాడు. మా తాతలకు బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేదు. ఏ మనిషికీ మరొక మనిషి తక్కువ కాదని చెప్పే మాట మా నాయనకు మతంగా కాదు, దాహానికి నీళ్ళలా అందింది. తానూ దీక్ష తీసుకున్న ఏడే పోచమ్మనైన నన్ను సుజాతను చేశాడు. ఆకలితో కృశించిన గౌతముడికి పాయసం పెట్టిన అమ్మాయి పేరని చెప్పాడు. అమ్మ మాత్రం చాలాకాలం పోచీ అనే పిలిచింది.

మా ఇంటి సాయంత్రాలకు ఒక వాసన ఉండేది. తూటాల మందు వాసన, నాయన చేతులు ఎంత తోమినా పోనిది. దానిమీద కిరోసిన్ పొగ, ఒక్క అగరువత్తి. ఆ మందు చేతులకు అంటితే తలనొప్పి వస్తుంది, కడుపులోకి పోతే విషం. అందుకని ఆయన బూడిదతో మోచేతుల దాకా తోముకునే వరకు ఎవరినీ తాకేవాడు కాదు. తరువాత ముగ్గురం తూర్పుకు తిరిగి కూర్చుని పాళీ మాటల్లో అయిదు శీలాలు పలికేవాళ్ళం. ప్రాణం తీయను. ఇవ్వనిది తీసుకోను. తప్పుడు కామానికి పోను. అబద్ధమాడను. మత్తు ముట్టను. ఇవి దేవుడికి చేసే మొక్కులు కావనీ, మనకు మనం ప్రతిరోజూ మళ్ళీ పెట్టుకునే కట్టు అనీ నాయన చెప్పేవాడు. ప్రతి పౌర్ణమికి ఎనిమిది శీలాల ఉపోసథం. అందులో ఆరోది నా కథకు ముఖ్యం. ఆ రోజు పగలు పన్నెండు దాటిన తరువాత అన్నం తినకూడదు, మళ్ళీ తెల్లవారేదాకా మంచినీళ్ళే.

గుట్టను పేల్చేవాడు ప్రాణం తీయనని ఒట్టు పెట్టుకోవడం క్వారీలో అందరికీ నవ్వులాటగా ఉండేది. నాయన తూటాలు దట్టించే ముందు గుంటంతా ఒకసారి తిరిగి, తొండలను కర్రతో అదిలించి, చీమల పుట్ట కనబడితే పక్కన నూకలు చల్లి అవి కదిలేదాకా ఆగేవాడు. బెజ్జాలు కొట్టే సాయన్నకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు, అతనే నర్సమ్మ భర్త. నాయనను ఆటపట్టించడంలో అతనిదే మొదటి నోరు.

"ఏందే బాలన్నా, చీమకు తొవ్వ ఇస్తవు, గుట్టకు నిప్పు వెడ్తవు. గిదేం ధర్మమే?"

"గుట్టకు పాణం లేదురా సాయన్నా."

"గుట్టను అడిగినవా మరి?"

నాయన కూడా నవ్వేవాడు. కానీ సాయంత్రం కూర్చున్నప్పుడు ఆ ప్రశ్నను తిప్పుకుంటూ ఉండేవాడని అమ్మ తరువాత చెప్పింది.

ఏళ్ళ తరబడి చప్పుళ్ళకు నాయన ఎడమ చెవి పూర్తిగా, కుడిచెవి సగం పోయాయి. ఇది మేస్త్రీకి తెలిస్తే పని పోతుంది. అందుకని పన్నెండో ఏట నుంచి నేను మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకువెళ్ళి ఆయన పక్కన నిలబడి పేలుళ్ళు లెక్కపెట్టేదాన్ని. పేలేటప్పుడు అందరూ దూరంగా దాక్కునేవారు గనుక ఇది ఎవరి కంటా పడేది కాదు. అప్పుడు తూటాకు ఒక వత్తి, వత్తులు పొడుగు పొట్టిగా కోసి వరుసగా ముట్టించేవారు, ఒకటి తరువాత ఒకటి పేలేవి. పెట్టినన్నీ పేలితే నాయన చేతిలోని ఎర్రగుడ్డ, అంటే దిగవద్దన్న గుర్తు, మడిచేవాడు, మనుషులు గుంటలోకి దిగేవారు. ఒక్కటి తగ్గినా ఎర్రగుడ్డ దిగదు. అరగంట ఆగి, ఆయన ఒక్కడే లోపలికి పోయి, పేలనిదాన్ని నీళ్ళతో తడిపి, పక్కన మరో బెజ్జం వేయించి మళ్ళీ పేల్చాలి. అంతా గంటకు తక్కువ కాదు. ఎర్రగుడ్డ చేతిలో ఉండగా నాయన ముద్ద ముట్టేవాడు కాదు, కన్ను డబ్బా మీద ఉంటే ఎవడైనా లోపలికి పోతాడని. ఎలా లెక్కపెట్టాలో కూడా ఆయనే నేర్పాడు. "చెవులు మోసం జేస్తయి బిడ్డా, ఎదురుగుట్ట చప్పుడును తిప్పి కొడ్తది. చెప్పులిడిచి నిలబడు. నిజం తూటా కాళ్ళకు తగుల్తది."

పంతొమ్మిది వందల డెబ్బై అయిదు జూలై ఇరవై మూడు, బుధవారం, ఆషాఢ పౌర్ణమి. నాకు పదహారేళ్ళు. నాయన మలేరియా నుంచి లేచి నాలుగు రోజులే అయింది. డబ్బా చేతికిస్తూ అమ్మ గట్టిగా చెప్పింది: "రాత్రి గంజి దప్ప ఏం దినలే. పొద్దున సుత ముట్టకుండ పోయిండు. పన్నెండు గాకముందే తినిపియ్యి పోచీ. దాటిందా, ఇగ తెల్లారేదాక ముద్ద ముట్టడు. జొరం తిరుగవడ్తది."

డబ్బాలో అన్నం, పెసరపప్పు, చింతచిగురు పొడి. నేను చేరేసరికి పదిన్నర. తూటాలు దట్టించడం అయిపోయి ఉండవలసింది, కాలేదు. గుంట మూలన బండ కింద కుక్క ఈని ఉంది, నాలుగు పిల్లలు. తల్లి ఎవరినీ దగ్గరకు రానివ్వడం లేదు. మేస్త్రీ గడియారం చూసుకుంటూ తిడుతున్నాడు. నాయన వినిపించనట్టు బోర్లా పడుకుని ఒక్కొక్క పిల్లనూ బయటికి తీస్తున్నాడు, సాయన్న వాటిని తువ్వాలలో వేసుకుంటున్నాడు.

"ఓ లెక్కలపిల్లా," అన్నాడు నన్ను చూసి, "జర వీటికి సుత శీలాలు చెప్పియ్యరాదే. ఇయ్యాల పున్నమి గద, ఇవ్వి సుత ఉపాసముంటయేమో మీ నాయన లెక్క."

"ఉపాసం మనుషులకే సాయన్నా" అన్నాను.

"మంచిగున్నది. కుక్కనై పుడితె బాగుండు."

తల్లీ పిల్లలూ క్షేమంగా రేకుల షెడ్డు వెనక్కు చేరేసరికి పదకొండు దాటింది. నాయన ఒళ్ళు వణుకుతోంది, జ్వరమో ఆకలో. తొమ్మిది బెజ్జాలు దట్టించి నిప్పు పెట్టేసరికి మేస్త్రీ గడియారంలో పదకొండు నలభై. నేను చెప్పులు విడిచాను. ఒకటి, రెండు, మూడు. వరుసగా ఎనిమిది నా పాదాలకు తగిలాయి. తరువాత ఎదురుగుట్ట నుంచి మెత్తగా ఇంకొక చప్పుడు వచ్చింది. అది చెవికి వినిపించింది, పాదాలకు తగలలేదు. నాకు సందేహం కలిగిందని రాస్తే నా మీద నేను దయ చూపుకున్నట్టు అవుతుంది. సందేహం కలగలేదు. నాకు తెలుసు.

"ఎన్నే బిడ్డా?" అని నాయన వేళ్ళు చూపి అడిగాడు.

ఆయన పెదవులు ఎండి చిట్లి ఉన్నాయి. పన్నెండుకు ఇంకా పదిహేను నిమిషాలు ఉన్నాయి.

"తొమ్మిది నాయనా" అన్నాను.

పేలనిది పేలకుండానే ఉండిపోతుందనీ, అన్నం తిన్నాక నెమ్మదిగా చెప్పవచ్చుననీ అనుకున్నాను. నేను అనుకున్నది అంతే. నాయన ఎర్రగుడ్డ మడిచాడు. వదులుగా ఉన్న రాళ్ళను దించడానికి గడ్డపార తీసుకుని అందరికంటే ముందు దిగడం సాయన్న అలవాటు, దిగాడు. అతన్ని ఆపడానికి నాకు రెండు మూడు నిమిషాలు ఉన్నాయి. ఆ సమయంలో నేను డబ్బా మూత తీస్తున్నాను. నాయన చేతులు తోముకుని వచ్చి తూర్పుకు తిరిగి కూర్చుని శీలాలు మొదలుపెట్టాడు. మొదటిది అయింది. రెండోది సగంలో ఉండగా తొమ్మిదోది నా పాదాలకు తగిలింది.

సాయన్న గురించి ఇంతకంటే రాయను. ఒక దుప్పటి సరిపోయింది.

ఆ సాయంత్రం గుడిసెలో నాయన నా ముందు కూర్చుని, నా పాదాలవైపు చూస్తూ అడిగాడు: "కాళ్ళకు ఎన్ని తగిలినయి?"

"ఎనిమిది."

తరువాత, "నువ్వు ఆడ లేవు. డబ్బా వెట్టి ఇంటికొచ్చినవ్. లెక్క వెట్టింది నేనే" అన్నాడు.

"అబద్ధమైతది గద నాయనా."

"నాకెర్కలేదా? నేను బతికినన్ని దినాలు నువ్వు నోరిప్పొద్దు."

మరునాడు పోలీసుల ముందు, గుత్తేదారు ముందు, శవం దగ్గర కూర్చున్న నర్సమ్మ ముందు అదే చెప్పాడు. నర్సమ్మకు ఇరవై రెండేళ్ళు, ఒళ్ళో ఏడాది నిండని ఆడపిల్ల. ఆమె మన్ను తీసి ఆయన ముఖాన కొట్టింది. నాయన తుడుచుకోలేదు. తూటాల పని పోయింది, కంకర కొట్టడానికి పోయాడు. ఆ అబద్ధం చెప్పిన సాయంత్రం శీలాలకు కూర్చున్నప్పుడు మూడోది అయ్యాక ఆగి, ఒక శ్వాస పట్టేంతసేపు మౌనంగా ఉండి అయిదోది అందుకున్నాడు. నాలుగోది, అబద్ధమాడనన్నది, అమ్మ గొంతు ఒక్కటే పలికింది. పాటించని శీలాన్ని పలకడం మరో అబద్ధమని ఆయన లెక్క. బతికినంతకాలం మళ్ళీ పలకలేదు.

నర్సమ్మ బిడ్డతో బోరబండలో తల్లి ఇంటికి చేరింది. తరువాతి పౌర్ణమి నుంచి నాయన ఉపోసథం రోజున తెల్లవారక ముందే సైకిల్ మీద బోరబండ పోవడం మొదలుపెట్టాడు. గుట్టకింది నల్లా నుంచి నీళ్ళు మోయడం, కట్టెలు కొట్టడం, కప్పు సరిచేయడం. ఆమె మాట్లాడేది కాదట. అమ్మ డబ్బా కట్టబోతే మొదటి నెలే వద్దన్నాడు. "నర్సమ్మ వెడ్తది" అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని, "పోనీ, దాని మనసు మెత్తవడ్డది" అంది. ఇరవై రెండేళ్ళు పైగా ప్రతి పౌర్ణమి మధ్యాహ్నం ఆయన ఆమె చేతి అన్నం తిని వస్తున్నాడని మేము నమ్మాము. నా జీవితంలో కరుణ పని చేస్తుందనడానికి నేను దాచుకున్న ఆధారం అదొక్కటే. పుస్తకాల్లో మైత్రి గురించి చదివిన ప్రతిసారీ ఆమె వేసిందనుకున్న పీటను, ఆ అన్నాన్ని తలుచుకునేదాన్ని. నేను చెడగొట్టిన లెక్కను నాయన సేవ ఎంతో కొంత సరిచేసిందని తృప్తి పడేదాన్ని. బండ దుమ్ము నిండిన ఊపిరితిత్తులతో పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది మార్చి ఇరవై తొమ్మిదిన ఆయన పోయాడు. ఆయన పెట్టిన గడువు ఆ రోజుతో తీరింది. ఆ తరువాతి ఇరవై ఏడేళ్ళ మౌనం మాత్రం పూర్తిగా నాది. ఉద్యోగం, పెళ్ళి, పెద్దరికం, ఏదో ఒకటి అడ్డు చెప్పుకున్నాను.

బోరబండలో నర్సమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి, "బాలన్న బిడ్డవా? ముసలిదానివైనవ్ గదనే" అంది. పక్కన కూర్చుని, ఎక్కడా ఆగకుండా, అంకెలతో సహా చెప్పాను. ఆమె చెయ్యి చేటలో ఆగిపోయింది.

"ఎనిమిదని నీ కాళ్ళకు ఎర్కయిందా?"

"అయింది నర్సక్కా."

"మరి తొమ్మిదని ఎందుకన్నవ్?"

"పన్నెండు దాటకముందు నాయన అన్నం తినాలని."

"తిన్నడా?"

"లేదు."

ఆమె నవ్వింది. అలాంటి నవ్వు నేను ఎప్పుడూ వినలేదు. "నా ఇంట్ల సుత తినలే" అంది.

"నువ్వు వెడ్తుంటివి గద అక్కా. నాయన చెప్తుండె."

"నేనా?" ఆమె చేట పక్కన పెట్టింది. "పదకొండున్నరకు అన్నం దించి, ఆయన ఎదురుంగనే నా బిడ్డకు పెట్టి నేను తింటుంటి. వాసన తగలాలనే తింటుంటి. పన్నెండు దాటితె ఆయనకు ముద్ద దిగదని క్వారీల అందరికీ ఎర్కే. అందుకే ఆ యాల్లకే తింటుంటి. ఒక్కనాడు ఆయన అడుగలే. కడవ దించి, వస్త బిడ్డా అని పోతుండె. నా మొగుణ్ణి చంపినోడని పెట్టలే. ఇప్పుడొచ్చి ఆయన గాదు, నువ్వేనంటున్నవ్." నా ముఖంలోకి చూసింది. "మరి నేను జేసిందేంది? గది నేను యాడ వెట్టుకోవాలె?"

క్షమించమని అడగాలని అనుకుంటూ వచ్చాను, అడగలేదు. ఆమె మోయవలసినది కానిదాన్ని ఈ వయసులో తీసుకువచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. నిజం చెప్పడం శీలమే. అది కరుణ కూడానా అని నన్నెవరైనా అడిగితే, ఈ ఒక్క సందర్భంలో కాదని చెబుతాను.

"పో సుజాతా," అంది, మళ్ళీ చేట అందుకుంటూ. "కోపంగాదు. పో."

ఇంటికి చేరేసరికి ఆరు గంటల పది నిమిషాలు. ఆరున్నరకు కూర్చున్నాను. నాలుగో శీలం దగ్గర, ప్రతి నెలా అన్నం తిన్నానని మాకు చెప్పడానికి నాయన ఎన్ని అబద్ధాలు ఆడవలసి వచ్చిందో మొదటిసారి ఆలోచించాను. ఆయన పాత గోడ కేలండర్లు ఇరవై నాలుగు నా బీరువాలో ఉన్నాయి. బోరబండ పోయిన రోజు చుట్టూ ఆయన పెన్సిలుతో సున్నా చుట్టేవాడు. అన్నిటినీ బల్లమీద పరిచి, రెండుసార్లు సరిచూశాను. డెబ్బై అయిదు ఆగస్టు నుంచి తొంభై ఎనిమిది మార్చి వరకు వచ్చిన పౌర్ణములు రెండు వందల ఎనభై. సున్నా లేనివి, అంటే జ్వరాలవల్లా, అమ్మ పోయిన నెలలోనూ వెళ్ళలేకపోయినవి తొమ్మిది. మిగిలినవి రెండు వందల డెబ్బై ఒకటి. వాటికి క్వారీలో నేను మూత తీసి పెట్టిన డబ్బా ఒకటి కలపాలి. కళ్ళ ఎదుటే ఉన్నా మా నాయన తినని పౌర్ణమి అన్నాలు మొత్తం రెండు వందల డెబ్బై రెండు.